నా దిండ్లతో కట్టిన దర్బారు

మా ఇంట్లో గోడకి తగిలించిన బొమ్మ ఒకటి ఉంది. దాని ముందు ఊరికే నిలబడితే చాలదు, కాస్త ఎడమకీ కాస్త కుడికీ ఊగాలి. సంగతి తెలియనివాళ్ళు ఒకసారి చూసి, "బాగుందండీ" అని మర్యాదకి అనేసి కుర్చీలో కూర్చుంటారు. మా ఆయన ఊరుకోరు. వాళ్ళని లేపి, భుజాలు పట్టుకుని, గోడ ముందు నిలబెట్టి ఊపుతారు. గ్యాస్ బండ తెచ్చినాయన్ని కూడా ఊపారు. ఆయన మళ్ళీ మా ఇంటి ఛాయలకి రాలేదు. ఇప్పుడు వేరే మనిషి వస్తున్నాడు.

మా ఆయన పేరు వరప్రసాదం. తెనాలి గంగానమ్మపేటలో మా ఇల్లు. నాటకాలకి తెరలు గీయడం ఆయన వృత్తి. పద్యనాటకం ఆడేవాళ్ళకి వెనకాల దర్బారు కావాలి, అడవి కావాలి, వీధి కావాలి, చెరసాల కావాలి. అవన్నీ ముతక గాడాగుడ్డ మీద రంగులతో వేసి, కింద వెదురు బొంగు కట్టి, తాడు లాగితే చాపలాగా పైకి చుట్టుకునేట్టు తయారుచేస్తారు. గుడ్డ వెడల్పులు జతచేసి కుట్టేది నేను. నా పేరు భ్రమరాంబ. ఎంత గొప్ప రాజుగారి దర్బారైనా ముందు నా కుట్టుమిషను కింద నలిగి రావాల్సిందే.

మా ఆయన గొప్పంతా లోతులో ఉండేది. చదునుగా ఉన్న గుడ్డ మీద స్తంభాల వరస వేశారంటే అది లోపలికి, ఇంకా లోపలికి పోయి, ఎక్కడో చివర చిన్న కిటికీ దగ్గర ఆగేది. చేబ్రోలు నుంచి వచ్చిన ఒక నటుడు, తెర మీద గోడకి వేసిన కొక్కేనికి తన కండువా తగిలించబోయాడు. కండువా కిందపడింది. తీసి దులిపి మళ్ళీ తగిలించాడు. ఆ మొదటిసారి గురించి మా ఆయన ఎప్పుడూ మాట్లాడరు. రెండోసారి గురించి మాత్రం మా పెళ్ళినాటి నుంచీ చెబుతూనే ఉన్నారు.

అలాంటి మనిషికి రెండువేల మూడులో, వినాయక చవితినాడు ఎడమ కన్ను సంగతి తేలింది. పూజ దగ్గర దీపం వెలిగించబోయి, వత్తి పక్కన గాలిని వెలిగించారు. అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. ఇంకో పుల్ల గీసి మళ్ళీ గాలికే అంటించారు. నేను విసుక్కుని పుల్ల లాక్కున్నాను గానీ, ఆయన మొహం చూశాక దీపం నేనే వెలిగించేశాను. గుంటూరు తీసుకెళితే డాక్టరుగారు నిదానంగా చెప్పారు. ఆ కంటి వెనక నరం పాడైంది, చూపు తిరిగి రాదు, రెండో కంటిని జాగ్రత్తగా చూసుకోండి, ఒక కంటితో దూరం అంచనా కట్టడం కొంతకాలం ఇబ్బందిగా ఉంటుంది అని.

"దానిదేముంది లెండి. కొలత చూసేటప్పుడు ఎలాగూ ఒక కన్ను మూస్తాను. ఇక ఆ శ్రమ తప్పింది" అన్నారు మా ఆయన, బస్సులో.

శ్రమ ఆయనకి తప్పిందేమో, నాకు మొదలైంది. కాఫీ గ్లాసులో పొయ్యమంటే గ్లాసు పక్కన పోసేవారు. పప్పులో వెయ్యమన్న నెయ్యి విస్తరి అవతల పడేది. గడప రాకముందే కాలెత్తేవారు, గడప వచ్చాక ఎత్తేవారు కాదు. నవ్వితే బాధపడతారని నవ్వేదాన్ని కాదు. ఆయనే నవ్వేవారు. "భ్రమరా, లోకమంతా తెర మీద గీసినట్టుందే. ఎవడో బానే గీశాడు" అనేవారు.

ఈ కన్ను సంగతి ఇంటి గుమ్మం దాటనివ్వలేదు. ఎందుకంటే అవతల హనుమంతరావు అన్నయ్య ఉన్నాడు. ఆయన పగలు ఎరువుల కొట్లో కూర్చుంటాడు, సాయంత్రమైతే రాజు వేషం కడతాడు. నాటక సమాజం ఆయనదే, తెరల పని ఇచ్చేదీ ఆయనే. మంచి మనిషే. కానీ శకునాల పిచ్చి. తుమ్ము వినిపిస్తే కిరీటం తీసి మళ్ళీ పెట్టుకుంటాడు. ఒంటికన్ను మనిషి గీసిన తెర ముందు నిలబడి పద్యం పాడతాడని నేనైతే అనుకోలేదు.

సంక్రాంతి వెళ్ళాక ఆయనే వచ్చాడు. "ప్రసాదం, ఎండాకాలం రేపల్లెలో పోటీలు. కొత్త దర్బారు కావాలి. పాతది చూసీ చూసీ, రాజుగారింట్లో బూజు ఎక్కడ పట్టిందో కూడా జనానికి తెలిసిపోయింది. నీకు కుదరకపోతే మొహమాటపడకుండా చెప్పు. విజయవాడలో ఫ్లెక్సీ మీద ప్రింటు కొట్టిస్తా."

అప్పటికే ఊరంతా ఎన్నికల ఫ్లెక్సీలు. దర్బారు ఒక్కసారి ఫ్లెక్సీ అయిందంటే ఇక రంగు కలపమని ఎవరూ అడగరు. ఆ విషయం మా ఇద్దరికీ తెలుసు. చవితి మొదలు అప్పటిదాకా మా ఆయన ఒక్క తెర ముట్టుకోలేదు. పొద్దున్నే కుర్చీలో కూర్చుని గోడని చూసేవారు, మధ్యాహ్నం అన్నం తిని మళ్ళీ అదే గోడని చూసేవారు. తెర గీయని వరప్రసాదాన్ని ఆ నెలల్లో నేను కళ్ళారా చూశాను. ఆ మనిషితో మిగతా జీవితమంతా ఎలా గడపాలో నాకు తెలియలేదు, భయం వేసింది.

"కుదురుతుంది. గీస్తా" అన్నారు మా ఆయన. హనుమంతరావు అన్నయ్య వెళ్ళేదాకా కాఫీ గ్లాసు ముట్టుకోలేదు.

గుడ్డ కుట్టి ఇచ్చాను. సుద్ద, జిగురు పూసి ఆరబెట్టారు. బొగ్గుతో స్తంభాలు గీశారు. గీసి, వెనక్కి నడిచి, చూసి, కూలబడ్డారు.

"చెడిందా?" అన్నాను.

"చెడలేదు. బ్రహ్మాండంగా ఉంది. అదే బాధ. మన వరండా ఎంత లోతుగా ఉందో ఇదీ అంతే లోతుగా ఉంది. ఏది గుడ్డో ఏది వరండానో నాకు తెలియట్లేదు. నేను వేసిందానికీ నిజానికీ తేడా తెలియకపోతే, నేను వేస్తున్నట్టా వెయ్యనట్టా?"

పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాడు వరండాలో నిలబడి ఊగడం మొదలుపెట్టారు. తల ఎడమకీ కుడికీ, భజనలో కూర్చున్నవాళ్ళలాగా. ఎదురింటి బసవమ్మగారు కంగారుగా వచ్చి, "ఏంటమ్మా, మీ ఆయనకి పూనకమా? నిమ్మకాయ తీసి పడెయ్యనా?" అంది. ఆ రోజు పులిహోరకి నిమ్మకాయలు కావాల్సొచ్చి ఆవిడ దగ్గర తీసుకున్నాను గానీ, పడెయ్యలేదు.

ఆయన కనిపెట్టింది ఇదీ. ఒంటికంటితో కదలకుండా చూస్తే అన్నీ ఒకేచోట అతుక్కుపోయి కనబడతాయి. తల ఊపితే దగ్గరవి గబగబా జరుగుతాయి, దూరానివి నెమ్మదిగా జరుగుతాయి. వరండా స్తంభం బసవమ్మగారి గోడ మీదుగా ఇటూ అటూ పోతుంది. తెర మీది స్తంభం మాత్రం ఉన్నచోటు నుంచి కదలదు. నిజం కదులుతుంది, బొమ్మ కదలదు. అంతే తేడా.

"అయితే కదిలే బొమ్మ వేస్తాను. కన్ను చెప్పింది చెయ్యి కూడా ఒప్పుకోవాలి" అన్నారు.

ఆ రోజు నుంచి నా దిండ్లు పోవడం మొదలైంది. మొదట నా దిండు గలీబునే తిరగేసి, లోపల దూది కూరి, పైన రంగు పూసి చిన్న స్తంభం చేశారు. దాని పక్కన గుడ్డని బ్లేడుతో నిలువుగా కోశారు. కోసిన సందులోంచి కనబడేట్టు, వెనకాల బెత్తెడు ఎడంగా ఇంకో గుడ్డ కట్టి, దాని మీద కిటికీ గీశారు. ఊగితే స్తంభం చాటుకి కిటికీ వెళుతుంది, మళ్ళీ బయటికొస్తుంది. మా ఆయన దాని ముందు ఊగి ఊగి, నవ్వి నవ్వి, చివరికి కళ్ళు తుడుచుకున్నారు. అందులో ఒకటి పనిచెయ్యకపోయినా ఏడవడానికి రెండూ బాగానే ఉన్నాయి.

నాకు సంతోషమే. కానీ దిండు దిండే కదా. బూరుగు దూది, మా అమ్మ కూర్చుని గింజలు ఏరి నింపిన దిండ్లు. ఒక్కో స్తంభానికి ఒక్కో దిండు పోతోంది. పట్టుకుని అడిగితే, "రాజుగారింట్లో ఉన్నాయి కదే, ఎక్కడికి పోతాయి?" అనేవారు. చీరల మూట తల కింద పెట్టుకుని పడుకుంటే మెడ పట్టేసింది. ఆ రోజుల్లో నేను ఆయన్ని అన్న మాటలు ఇక్కడ రాయను.

ఆ చిన్న బొమ్మ గోడకి తగిలించి ఉండగా స్టెల్లా వచ్చింది. బాపట్లలో ఒక బడిలో డ్రాయింగు టీచరు. పిల్లల వార్షికోత్సవానికి అడవి తెర అద్దెకి తీసుకెళ్ళడానికి ఏటా వస్తుంది. వస్తే గలగలా మాట్లాడే పిల్ల, ఆ రోజు వచ్చిన పని మర్చిపోయి బొమ్మ ముందు నిలబడింది. ఎవరూ చెప్పకుండానే ఊగింది.

"బాబాయ్ గారూ, ఇది మీకెలా తట్టిందండీ? ఇతర దేశాల్లో పెద్ద పెద్ద చిత్రకారులు ఇలాంటి పని చేశారండీ. కాన్వాసు చదునుగా ఉంటే చాలదు, దాని వెనకాలున్న చోటు కూడా బొమ్మలోకి రావాలని ఒకాయన కత్తి తీసుకుని కోసేశాడు. పుస్తకంలో ఉంది, ఈసారి తెచ్చి చూపిస్తాను."

మా ఆయన చాలాసేపు ఆలోచించారు. "పాపం, ఆయనకీ ఒక కన్ను పోయిందా అమ్మా?"

మా సంగతి ఆ పిల్లకి అప్పుడే తెలిసింది. "లేదండి బాబాయ్ గారూ. రెండూ బాగానే ఉన్నాయనుకుంటానండి."

"మరి ఎందుకు కోశాడు?" అన్నారు మా ఆయన, నిజంగా అర్థంకాక.

ఆ ప్రశ్నకి తను కాలేజీలో చదువుకున్న జవాబు ఏదో చెప్పబోయి, సగంలో ఆపి, స్టెల్లా నవ్వేసింది. మా బడిలో బొమ్మల ప్రదర్శన పెడుతున్నాం, దీన్ని రెండు రోజులు ఇవ్వండి అని అడిగింది. ఇచ్చారు. దాంతోపాటు మేమూ బాపట్ల వెళ్ళాం.

అక్కడ గోడ పొడుగునా 'తాకరాదు' అని అట్టలు తగిలించి ఉన్నాయి. మా ఆయన తిన్నగా తన బొమ్మ దగ్గరికెళ్ళి, అట్టని వెనక్కి తిప్పేశారు. ఇక చూడాలి. బాపట్ల జనానికి తాకమని చెబితే ఒక మాదిరిగా తాకరు. స్తంభం నొక్కేవాళ్ళు, సందులో వేళ్ళు పెట్టేవాళ్ళు, వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూసేవాళ్ళు. రిటైరైన లెక్కల మాస్టారొకాయన ఊగుతూ ఊగుతూ పక్కనున్నావిడ కాలు తొక్కి, క్షమాపణ చెప్పుకుని, చోటు మార్చుకుని మళ్ళీ ఊగారు.

జనం పలచబడ్డాక నాకెందుకో బుద్ధిపుట్టింది. ఎడమ కన్ను అరచేత్తో మూసుకున్నాను. ఎదురుగా బల్ల మీద మంచినీళ్ళ చెంబుంది. చెయ్యి చాపాను. అందలేదు. ఇంకాస్త చాపితే వేళ్ళు చెంబుకి కొట్టుకున్నాయి. నీళ్ళు ఒలికాయి. చవితి నుంచీ మా ఆయన ఉంటున్న చోటు ఇదా అనిపించింది. ఇన్నాళ్ళూ ఆయన నవ్వుతుంటే బాగానే ఉన్నారనుకున్నాను. అలాగే కన్ను మూసుకుని బొమ్మ దగ్గరికెళ్ళి, ఊగి చూసి, స్తంభం మీద చెయ్యి వేశాను. ఎక్కడుందని కన్ను చెప్పిందో అక్కడే ఉంది, మెత్తగా.

ఇంటికొచ్చాక, నేను దాచిపెట్టుకున్న ఆఖరి దిండు బీరువాలోంచి తీసి ఇచ్చేశాను. "ఇది సింహాసనం పక్క స్తంభానికి పెట్టండి. పుట్టింటి దిండు, మూల స్తంభానికి వద్దు" అన్నాను.

దర్బారు పూర్తయ్యేసరికి పోటీలు నెత్తిమీదికొచ్చాయి. దాన్ని చూస్తే నాకే గర్వం వేసింది. నిండు స్తంభాలు ముందుకొచ్చి నిలబడ్డాయి. వాటి మధ్య కోతల్లోంచి, వెనక గుడ్డ మీద వసారా, వసారా చివర కిటికీ. పక్క నుంచి దీపం పెడితే స్తంభాల నీడ నిజంగా పడుతోంది. రంగు ఇంకా పచ్చిగా ఉంది, చుడితే అంటుకుంటుందని, రంగు బయటికి ఉండేట్టు పరుపులాగా మధ్యకి మడిచి ట్రాలీ ఆటోలో వేసుకుని రేపల్లె తీసుకెళ్ళాం.

హనుమంతరావు అన్నయ్యది సాయంత్రం మొదటి నాటకం. రాజు అన్నీ పోగొట్టుకుని అడవులపాలయ్యే కథ. మొదట దర్బారు, తర్వాత అడవి, మళ్ళీ చివర్లో దర్బారు. మేం వెళ్ళేసరికి ఆయన మొహానికి రంగు వేసుకుంటున్నాడు. మనుషులు తెర కట్టేశారు. కిరీటం పెట్టుకుంటూ వచ్చి చూశాడు. దగ్గరికెళ్ళి ఒక స్తంభాన్ని పొడిచాడు.

"ఏంట్రా ప్రసాదం, ఒళ్ళు చేసిందేంటి ఇది?"

"రాజుగారి కొంప కదా" అన్నారు మా ఆయన.

హనుమంతరావు అన్నయ్య గడ్డం పట్టుకుని ఇటునుంచి చూశాడు, అటునుంచి చూశాడు. తనకి తెలియకుండానే రెండు అడుగులు ఊగాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. "సరే, హారతివ్వు" అన్నాడు.

ఇది నేను మర్చిపోయాను. కొత్త తెర మొదటిసారి కట్టినప్పుడు, గీసినవాడే దాని ముందు కొబ్బరికాయ కొట్టి, దగ్గరికెళ్ళి కర్పూరహారతి ఇవ్వాలి. సమాజం పుట్టిన దగ్గర్నుంచీ అదే ఆనవాయితీ. ఆయనకేమో మంట ఎంత దూరంలో ఉందో తెలియదు. ఎదురుగా ఉన్నదంతా దూది.

"అన్నయ్యగారూ, నేనివ్వనా?" అన్నాను.

"గీసిన చెయ్యే ఇవ్వాలి చెల్లెమ్మా. కుట్టిన చేతికి ఇంకో ఆనవాయితీ పెడదాంలే" అన్నాడు ఆయన. అందరూ నవ్వారు.

కొబ్బరికాయ ఎలాగో పగిలింది. మా ఆయన పళ్ళెం అందుకున్నారు. కర్పూరం భగ్గున మండుతోంది. తెర వైపు నడిచారు. మంట గుడ్డకి ఆనుతుందేమోనని నేను చెంగు బిగించి, పక్కనే ఉన్న నీళ్ళ బకెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. అప్పుడు ఆయన ఎడమ చెయ్యి ముందుకు చాపి, సింహాసనం పక్క స్తంభం మీద అరచెయ్యి ఆనించారు. చెయ్యి అక్కడ ఉంచి, కుడిచేత్తో పళ్ళెం ఇవతలే నిదానంగా తిప్పారు. తల కూడా ఊపుతున్నారు. చూసేవాళ్ళకి అది భక్తి. "ఎంత శ్రద్ధో చూడండి" అన్నాడు హార్మోనియం ఆయన. నేను బకెట్టు మీంచి చెయ్యి తీసి కళ్ళకద్దుకున్నాను.

నాటకం మొదలైంది. లైట్లు వెలగగానే దర్బారు చూసి జనం చప్పట్లు కొట్టారు. మంత్రి వేషం కట్టినతను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు, ఆనుకుంటే నిలబడింది కూడా. దర్బారు ముగిసింది. తెర పైకి లాగాలి, వెనక అడవి కనబడాలి. తాడు లాగారు.

వెదురు బొంగు జానెడు లేచింది. మొదటి వరస దూది చుట్టుకోబోయి, పరుపు చుట్టబోతే ఎలా అడ్డం తిరుగుతుందో అలా తిరిగింది. ఇంకా గట్టిగా లాగారు. కప్పీ కీచుమంది. దర్బారు కదల్లేదు.

మా ఆయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ముప్ఫై ఏళ్ళుగా తెరలు గీసిన మనిషి, తెర అన్నది చుట్టుకోవాలన్న సంగతి మర్చిపోయారు. కుట్టిన నాకూ తట్టలేదు. పచ్చి రంగని పరుపులా మడిచి తెచ్చాం గానీ, చుట్టి చూస్తే ఇంట్లోనే తెలిసేది.

ఎదురుగా జనం ఈలలు మొదలుపెట్టారు. ఇక చేసేది లేక, దర్బారుకి ముందు చుట్టి ఉన్న ఇంకో అడవి తెర దించేశారు. అది మా ఆయన ఎప్పుడో గీసిందే. కొమ్మల మధ్య గుడ్డ కత్తిరించి ఉంటుంది, ఆ సందుల్లోంచి వెనక కట్టిన నీలం గుడ్డ ఆకాశంలా కనబడాలి. ఇప్పుడు వెనక ఆకాశం లేదు. దర్బారుంది.

హనుమంతరావు అన్నయ్య నార చీరలు కట్టుకుని అడవిలోకి వచ్చాడు. కోపంతో మండుతూ వచ్చాడు, నేను చూశాను. పద్యం ఎత్తుకోబోతూ, ఈ దరిద్రం ఎంత కనబడుతోందో చూద్దామని వెనక్కి తిరిగాడు. చెట్ల సందుల్లో, నీడల్లో, తను పోగొట్టుకున్న ఇల్లు నిలబడి ఉంది. ఆయన పక్కకి అడుగేస్తే ఒక స్తంభం చెట్టు చాటుకి వెళ్ళింది, ఇంకోటి బయటికొచ్చింది. అక్కడే ఆగిపోయాడు. హార్మోనియం ఆయన శ్రుతి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆ పద్యం అన్నయ్య ఎన్ని ఊళ్ళల్లో పాడాడో, ఎప్పుడూ జనాన్ని చూసే పాడాడు. ఆ సాయంత్రం మొదటిసారి జనానికి వీపు పెట్టి, ఆ ఇంటిని చూస్తూ పాడాడు. చివర గొంతు జీరపోయింది. అది నటన కాదని మా అందరికీ తెలుసు.

తర్వాత వెనక బెంచీల నుంచి ఎవరో "వన్స్ మోర్" అన్నారు. ఆ తర్వాత అందరూ అన్నారు.

బహుమతి రాలేదు. 'అడవిలో దర్బారు కనిపించుట దోషము' అన్నారట న్యాయనిర్ణేతలు. వాళ్ళన్నదీ నిజమే, అడవిలో దర్బారెందుకుంటుంది.

నాటకం అయ్యాక హనుమంతరావు అన్నయ్య రంగు మొహంతోనే మా దగ్గరికొచ్చాడు. రెండు చేతుల్లో రెండు సోడాలు.

"చుట్టుకోని తెర ఎవడైనా గీస్తాడంట్రా? పరువు తీశావు. పాడించావు. ఏదో ఒకటే చెయ్యాలి గదా మనిషన్నాక" అంటూ ఒక సోడా చాపాడు.

మా ఆయన చెయ్యి చాపారు. సోడాకి ఇవతల గాలిని పట్టుకున్నారు. వేళ్ళు మూసుకున్నాయి. తెరిచి మళ్ళీ చాపారు. ఈసారి సీసా అవతల.

హనుమంతరావు అన్నయ్య కదల్లేదు. మా ఆయన మొహంలోకి చూశాడు, ఒక కంట్లోకి, తర్వాత రెండో కంట్లోకి.

"ఎప్పట్నించి?"

"చవితి నుంచి."

"నాకు చెప్పాలి గదరా."

"చెబితే దర్బారు ఇచ్చేవాడివా?"

అన్నయ్య అబద్ధం ఆడొచ్చు. రాజు వేషంలో ఉన్న మనిషి, ఒక మంచి మాట పారెయ్యొచ్చు. ఆలోచించి, "ఇచ్చేవాణ్ణి కాదు" అన్నాడు.

మా ఆయన తలూపారు. ఈసారి దూరం చూడ్డానికి కాదు.

హనుమంతరావు అన్నయ్య ఆయన చెయ్యి పట్టుకుని, సీసా అందులో పెట్టి, వేళ్ళు మూసి, తన చెయ్యి కాసేపు అలాగే ఉంచాడు. "అడవి కూడా ఇట్టాగే చేసిపెట్టు. చెట్లు ముందుకు రావాలి. చుట్టుకోకపోతే మానె, మోసుకెళతాం" అన్నాడు. నా వైపు తిరిగి, "చెల్లెమ్మా, ఇంట్లో ఇంకా దిండ్లున్నాయా?" అన్నాడు.

"మీ ఇంట్లో ఉంటాయి కదా అన్నయ్యగారూ. వదినగారిని అడుగుతాను" అన్నాను.

మర్నాడు పొద్దున్నే అదే ట్రాలీ ఆటోలో తెనాలి బయల్దేరాం. తెరని ఒంటరిగా పంపనని ఆయన వెనక కూర్చున్నారు. ఆయన్ని ఒంటరిగా పంపనని నేనూ కూర్చున్నాను. మధ్యలో మడతపెట్టిన దర్బారు, ఆయన ఆ చివర, నేను ఈ చివర. భట్టిప్రోలు దగ్గర పొలానికి పోతున్న ఆడవాళ్ళు, "పరుపు ఎంతకి కొన్నారమ్మా?" అని అడిగారు. అమ్మేది కాదని చెప్పాను.

కాస్త దూరం పోయాక రైలు గేటు పడింది. ఆటో ఆగింది, డ్రైవరు దిగి బీడీ వెలిగించాడు. మా ఆయన మాత్రం ఇంకా ఊగుతూనే ఉన్నారు, నన్నే చూస్తూ, ఎడమకీ కుడికీ.

"ఏంటండీ ఆ ఊగడం? బండి ఆగిందిగా."

"నువ్వెంత దూరంలో ఉన్నావో చూస్తున్నా" అన్నారు.

చవితి నుంచీ ఇంట్లో నేను వంటింట్లో ఉంటే, పెరట్లో ఉంటే, ఆయన ఇలాగే చూసి ఉంటారు. అది అలవాటనుకుని వదిలేశాను. లేచి, దర్బారు మీదుగా పాక్కుంటూ వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. భుజం భుజానికి తగిలేట్టు కూర్చున్నాను.

"ఇప్పుడు ఊగక్కర్లేదు" అన్నాను.

ఆయన ఊగడం ఆపారు. రైలు ఇంకా రాలేదు. రాత్రంతా నిద్ర లేదేమో కళ్ళు మూతలు పడుతున్నాయి, వెనక్కి వాలి సింహాసనం పక్క స్తంభం మీద తల పెట్టాను. రంగు వాసన వేసింది, కానీ లోపల ఉన్నది నా దిండే, తల పెట్టగానే తెలిసింది.